పిల్లి మింగిన పట్టు పోగు

మా ఇంట్లో పిల్లిని ముద్దు కోసం తేలేదు. గంజి పెట్టిన పడుగు దారాల వాసనకు ఎలుకలు ఎగబడతాయి. నెల రోజుల కష్టాన్ని ఒక్క పూటలో కొరికి పోస్తాయి. అందుకే భువనగిరి దగ్గర మా ఊళ్లో మగ్గం ఉన్న ఇళ్లలో పిల్లి కూడా ఉంటుంది. మా అత్త కూడా పని కోసమనే తెచ్చింది, మామ చనిపోయిన ఏడాది. తీరా అది ఆమెకు మనిషి కన్నా ఎక్కువైంది.

అప్పటికే అత్త కళ్లకు పొర వచ్చింది. ఆసు పోయడం, కండెలు చుట్టడం లాంటి మగ్గం పనులు ఇక ఆమెకు చేతకాలేదు. పొద్దంతా గడప పక్కన కూర్చుని పిల్లితో మాట్లాడేది. "దొంగముండ, ఏడ తిరిగొచ్చినవే? బువ్వ తిన్నవా?" నన్ను మాత్రం తిన్నావా అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఉన్న మాట చెప్తాను, ఆ పిల్లి మీద నాకు కుళ్లు ఉండేది.

తెగిన పోగులన్నీ ఏరి ఉండ చుట్టి విసిరేది అత్త. పిల్లి ఎగిరి పట్టుకునేది. దాని కాళ్ల చప్పుడు విని ఆమె నవ్వేది. చూసి చూసి "ఇద్దరికీ పనిలేదు" అని నేను గొణుక్కునేదాన్ని. దారంతో ఆడించకూడదని ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. దారం మధ్యన పుట్టి పెరిగినవాళ్లం, దారం మనిషికి గానీ జీవానికి గానీ చేటు చేస్తుందని ఎట్లా అనుకుంటాం?

మూడేళ్ల కింద, ఆషాఢంలో, ఒకరోజు పిల్లి పాలు ముట్టలేదు. రెండుసార్లు నురగ కక్కింది. మా ఆయన పట్టు కోసం పోయాడు, అత్త స్నానానికి లేచింది. నేను రాట్నం ముందు కూర్చుని ఉంటే పిల్లి పక్క నుంచి పోయింది. దాని తోక కింద వేలెడు ఎర్ర పట్టు పోగు వేలాడుతోంది.

మా పనిలో ఒక అలవాటు ఉంది. వేలాడే పోగును వదిలిపెట్టం, పుటుక్కున తెంపం. తెంపితే ముడి వేయాలి, ముడి వేస్తే చీరలో కనబడుతుంది. మెల్లగా వేలికి చుట్టుకుంటూ, ఎక్కడ చిక్కుకుందో అక్కడి దాకా గుంజి, మొత్తం తీయాలి. ఎనిమిదేళ్ల వయసులో మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. పిల్లిని మోకాళ్ల మధ్య పట్టుకుని అదే చేశాను. జానెడు వచ్చింది. తర్వాత ఆగింది. ఇంకొంచెం గట్టిగా గుంజాను. పిల్లి గీరలేదు, కరవలేదు. ఒక్క అరుపు అరిచింది, అంతే. పోగు తెగింది. చేతికి వచ్చిన ముక్కను పొయ్యిలో పడేసి చేతులు కడుక్కున్నాను.

అత్త వచ్చేసరికి పిల్లి మగ్గం గుంటలో దూరింది. "దీనికేమాయె?" అంది.

"ఏమో, ఉక్కపోతకు పండుకున్నది" అన్నాను.

మర్నాడు పొద్దున పిల్లిని గంపలో పెట్టుకుని ఇద్దరం భువనగిరి పశువుల దవాఖానకు పోయాం. మాకన్నా ముందు బర్రెలు, మేకలు వచ్చి ఉన్నాయి. "పిల్లికి గూడ దవాఖాననా అవ్వా" అని ఒకాయన నవ్వాడు. డాక్టరు కడుపు ఒత్తి చూసి, ఏం తిన్నది, ఏమన్నా మింగిందా అని అడిగాడు. అత్త నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. దారం సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. చెప్తే, గుంజిన సంగతీ చెప్పాలి. "పాలు ఇరిగినయేమో సార్" అన్నాను. ఆయన సూది వేసి పంపించాడు. అట్లా రెండు రోజులు పోయాయి.

మూడో రోజు మళ్లీ పోయాం. పిల్లి తల ఎత్తడం లేదు. ఈసారి డాక్టరు నోరు తెరిచి, నాలుక పైకి లేపి చూశాడు. నాలుక మొదట్లో ఎర్ర పట్టు పోగు చుట్టుకుని, కండలోకి కోసుకుపోయి ఉంది.

"ఒక కొస గీడ ఇరుక్కున్నది, ఇంకో కొస పేగులల్ల. లంగా నాడా గుంజితే కుచ్చిళ్లు పడ్తయి చూడు, పేగు గట్ల ముడుసుకపోతది. కొస బయటికొచ్చినా ముట్టద్దు. గుంజితే పేగు కోసుకపోతది. మొన్ననే తెలిస్తే పట్నం పంపుతుంటి, ఆపరేషన్ చేస్తుండె. ఎవలన్న గుంజిన్రా?"

అత్త ముందుకు జరిగి పిల్లిని పెట్టిన బల్ల కోసం తడుముకుంది. "నేనే సారు. దారం ఉండలు ఏసి నేనే ఆడిపిచ్చిన."

"దారంతోని ఆడిపియ్యద్దు అవ్వా, ఎంతమందికి చెప్పాలె" అని ఆయన విసుక్కున్నాడు. ఆమె తల వంచుకుని ఆ మాటలు పడింది. నేను పక్కనే ఉన్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో, అత్త ఒళ్లోనే పిల్లి ప్రాణం పోయింది. కళ్లు కనబడవు కదా, ఆమెకు వెంటనే తెలియలేదు. ఊరు వచ్చే దాకా దాని వీపు నిమురుతూనే ఉంది. నాకు తెలిసి కూడా చెప్పలేదు. వేప చెట్టు కింద నేనే గుంత తీశాను.

ఆ తర్వాత అత్త గడప దగ్గర కూర్చోవడం మానేసింది. గోడ పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, నేల తడిమి, తెగిన పోగులు ఏరి పొయ్యిలో వేస్తుంది. ఎవరు వచ్చినా చెప్పుకుంటుంది, దొంగముండను తానే చంపానని. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఇవాళ కాదు, పండుగ పోనీ, జ్వరం తగ్గనీ అని దాటేశాను. పిరికితనానికి సాకులు కరువా?

పోయిన నెల మళ్లీ ఎలుకలు పడుగు కొరికాయి. పక్కింటామె జాలిపడి పిల్లిపిల్లను తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. అత్త దాన్ని ఒక్కసారి చెంపకు ఆనించుకుంది. తర్వాత దాన్ని నా వైపు చాపింది.

"వద్దు బిడ్డా, ఇచ్చిరాపో. నా చేతుల ఒకటి సచ్చింది సాలు."

నేను పిల్లను తీసుకున్నాను. పోయి ఇచ్చి వచ్చాను.