అయస్కాంతాన్ని తిప్పిన రోజు

అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల నడుమ ఉంది మా కాలేజీ. అందులో కిటికీలు లేని ల్యాబ్ గది ఒకటి. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉన్నంతకాలం నాకు పని ఉంది, పొద్దున లేవగానే ప్రభువుకు స్తోత్రం చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. దాన్ని నా దగ్గర నుంచి లాక్కోవాలని నా గైడ్, మా సార్, చూస్తున్నారని రీసెర్చ్‌లో చేరిన కొత్తలోనే నాకు అర్థమైంది.

నేను బడికి పోలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పి, పరీక్షలు ప్రైవేటుగా రాయించింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి సార్ నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. నేను "ఇంటి చదువు" అయిపోయాను.

మా పని ఇది. వెంట్రుక కంటే సన్నని అయస్కాంతపు పట్టీ ఒకటి ఉంటుంది. దాని లోపల లెక్కలేనన్ని బుల్లి బుల్లి అయస్కాంతాలు, పక్కనే బిగించిన పెద్ద అయస్కాంతం లాగే కొద్దీ, ఒకే వైపు తిరిగి నిలబడి ఉంటాయి. ఒకదాన్ని కదిలిస్తే ఆ ఊపు పక్కదానికి, దాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది, గాలికి వరిచేను ఊగినట్టు. దాన్నే స్పిన్ తరంగం అంటారు. అది కంటికి కనపడదు. లేజర్ వెలుగును లెన్స్‌తో పట్టీ మీద చుక్కలా నిలిపితే, తరంగాన్ని తాకి వెనక్కి వచ్చిన వెలుగు రంగు పిసరంత మారుతుంది. ఎక్కడెక్కడ ఎంత వెలుగు అలా మారిందో చుక్క తరువాత చుక్క కొలుచుకుంటూ పోతే తరంగం బొమ్మ వస్తుంది.

ఆ రోజు పొద్దున నేను తీసిన బొమ్మ తెర మీదికి వచ్చింది. పట్టీ నడిమధ్యలో, అడ్డంగా, తరంగాన్ని లేపే బంగారు తీగ ఉంటుంది. తీగకు కుడివైపు బొమ్మ ధగధగలాడుతోంది. ఎడమవైపు మసక.

"ఏంది ఇది? సగం ఉడికిన అన్నం మాదిరి ఉండాది," అన్నారు సార్. "లెన్స్ వంకర పెట్టినావు."

"చూసే పెట్టినాను సార్."

"ఏం చూసినావు? కళ్ళు మూసుకోని గదా నువ్వు మిషన్ వేసేది!"

పక్క కుర్చీలోని సీనియర్ అక్క పకపకా నవ్వింది. మిషన్ వేసే ముందు తల వంచి ఒక్క మాట ప్రార్థన చేసుకుంటాను. అది ఎవరికీ వినపడదు. అయినా వాళ్ళకు గుచ్చుకునేది.

"ఆ కుడి సగాన్నే తిరగేసి ఎడమ పక్క అతికించు," అన్నారు సార్. "రీసెర్చ్ పేపర్లో అందంగా ఉంటది."

"అట్టా చెయ్యలేను సార్."

"చెయ్యలేవా, చెయ్యవా?"

"చెయ్యను సార్."

"మీ దేవుడు వచ్చి రాసిస్తాడా మాకు పేపరు?" అంది అక్క.

మా అమ్మకు ఒక అలవాటు ఉండేది. లెక్క చేసి చూపిస్తే వెంటనే మెచ్చుకోదు. "ఇప్పుడు వెనకనుంచి రా," అనేది. జవాబు దగ్గర మొదలుపెట్టి ప్రశ్న దాకా నడిచి రాగలిగితేనే పలక తుడవనిచ్చేది. ఆ అలవాటే ఆ పూట నన్ను మాట్లాడించింది.

"పెద్ద అయస్కాంతాన్ని తిరగేసి పెడతాను సార్, బుల్లివీ దాంతోపాటే తిరుగుతాయి. తరంగమే ఒక వైపుకు మొగ్గుతుంటే, ఆ మొగ్గు తిరగబడి వెలుగు ఎడమకు మారాలి. తప్పు లెన్స్‌దైతే కుడివైపే ఉండిపోవాలి."

సార్ వేలితో టేబుల్ తట్టారు. "తాళంచెవి ఈడ పెట్టు. మారలేదా, మీ అమ్మ కాడికే పొయ్యి చదువుకో."

పెట్టాను.

ఉప్పుగాలికి ఇక్కడ తుప్పు పట్టనిది లేదు. అయస్కాంతాన్ని బిగించిన నట్టు కదల్లేదు. స్పానర్ అడిగితే అక్క టేబుల్ మీదుగా విసిరినట్టు తోసింది; అది కింద పడింది. నేనే వంగి తీసుకున్నాను. నట్టు వదిలేసరికి వేళ్ళు గీసుకుపోయాయి. అయస్కాంతాన్ని తిప్పి బిగించి, తల వంచి, మిషన్ వేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ఎప్పుడు ఓడిపోతానా అని ఎదురుచూస్తున్నారు.

సాయంత్రానికి చుక్కలు నిండాయి. వెలుగు ఎడమవైపుకు మారింది.

సార్ తెర మీదికి వంగి చాలాసేపు చూశారు. "మారింది. కానీ పొద్దున కుడి పక్క ఉన్నంత లేదు. కుడి పక్క కూడా పూర్తిగా మసకబారలా. లెన్స్ వంకరే."

నేనూ చూశాను. నిజమే. తరంగం నిజం, వంకరా నిజం.

"రెండూ ఉన్నాయి సార్," అన్నాను.

"నేను చెప్పినానా లేదా?"

"చెప్పినారు సార్."

"లెన్స్ సరిచేసి రేపు రెండు వైపులా మళ్ళీ తియ్యి. వంకర ఉండిందో, చూసుకుంటా నీ సంగతి." అతికించే మాట మళ్ళీ ఎత్తలేదు. తాళంచెవిని నా చేతికివ్వనూ లేదు. నేనే తీసుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని స్తోత్రాలు చెప్పుకున్నాను. అమ్మ కోసం, వదిలిన నట్టు కోసం, ఎడమవైపు వెలిగిన ఆ చుక్కల కోసం. ఆ వరసలో సార్ వంతు వచ్చింది. ఆయన మీద నాకు మంట తగ్గలేదు. అయినా వంకర చూపించింది ఆయనే కాబట్టి, దానికీ చెప్పాను. ఆమెన్ అనేసరికి చూసుకుంటే, తాళంచెవి పళ్ళు అరచేతిలో గుచ్చుకుపోయి ఉన్నాయి.