ఫ్యూజన్ మేష్టారు

ఢిల్లీ జియా సరాయ్‌లో మూడో అంతస్తు కోచింగ్ గదిలో ఫిజిక్స్ చెప్పే చెన్నకేశవులుకు ఒక్క మాట అందిస్తే చాలు. "సార్, ఫ్యూజన్ కరెంటు ఎప్పుడొస్తుంది?" అని ఎవరైనా అడగగానే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బోర్డు మీద ఇంత సూర్యుణ్ణి గీసేవాడు. అక్కడ హైడ్రోజన్ కలిసి మండే మంటను ఇక్కడ పుట్టించగలిగితే సముద్రపు నీళ్లతోనే ఊళ్లన్నీ వెలుగుతాయనేవాడు. పదేళ్లు చేసి, పూర్తికాక వదిలేసిన పరిశోధన అదే. చెబుతున్నంతసేపూ చొక్కా మీద సుద్ద రాలుతున్నా తెలిసేది కాదు.

2006 వేసవిలో ఒక సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటే, తోటి తెలుగు పిల్లలతో రవికిరణ్ అనే కుర్రాడు అంటున్న మాట చెవిన పడింది. "టెస్టు తప్పించుకోవాలంటే ముసలాయన్ని ఫ్యూజన్ గురించి అడగండ్రా. ప్రతి బ్యాచూ ఇదే చేస్తదంట." అందరూ ఘొల్లుమన్నారు. ఆయన లోపలికి వెళ్లి టెస్టు పెట్టాడు.

క్లాసయ్యాక గౌరి ఒక్కతే ఆగింది. చేతిలో దరఖాస్తు ఉంది.

"సార్, ఫ్యూజన్ రీసెర్చ్‌కి అప్లై చేస్తున్నా. మీరు సిఫారసు రాసిస్తారా?"

"నువ్వు గూడా ఎగతాళి చేసేదానికే వచ్చినావా?" అంటూ కాగితం లాక్కుని నిలువునా చించేశాడు. "నీ మొహానికి రీసెర్చ్ ఒకటి!"

గౌరి కిందికి వంగి ముక్కలు ఏరుకుంది. 'ఈ రంగాన్నే ఎందుకు ఎంచుకున్నారు?' అన్న ప్రశ్న కింద ఆయన పేరు రాసి ఉంది. ఆయన అది చదివాడు. చివరికి, "ఫ్యాను కట్టేసి పో" అన్నాడు.