వల దించమన్నది నేనే

ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి చెరువులోని చేపల్ని, ఆయన వలతోనే, ఆయన మనుషులతోనే, ఆయన పెట్టిన కొబ్బరిబొండం తాగుతూ పట్టించేసిన ఘనురాలిని నేను. అదీ చేప వాసన గిట్టని ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే మెట్టి. కావాలని చేశానా అంటే, లేదు. తెలియక చేశానా అంటే, అంత తెలియకపోవడం ఎలా సాధ్యమని మీరే అడుగుతారు. అందుకే మొదటినుంచీ చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. చాలామంది ఇప్పటికే నవ్వేశారు.

మాది కదిరి వైపు. బోరు వేస్తే నీళ్ళకన్నా ముందు దుమ్ము వచ్చే నేల. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన రాఘవకి ఏలూరు పక్కన వట్లూరులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నాది ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో చేసుకునే ఉద్యోగమే కాబట్టి నేనూ మూటాముల్లే సర్దుకున్నాను. ఒక మేడమీద వాటాలో దిగాం. కింద ఇంటివాళ్ళు, లక్ష్మీకాంతంగారూ ఆవిడ భర్తానూ. ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని. రాఘవా నేనూ కలిసి చదువుకున్నవాళ్ళం, పేరు పెట్టి పిలవడమే అలవాటు. పిన్నిగారు ఒకసారి అది విని, పెరుగు గిన్నె చేతికిచ్చి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి ఆవిడ ఎదురుగా మాత్రం "ఏవండీ" అనడం మొదలుపెట్టాను. రాఘవ మొదట్లో వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరినో పిలుస్తున్నానని.

మేం వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. ఆకాశం ఉతికి ఆరేసిన చీరలా ఉండేది. సాయంత్రాలు కాలవ గట్టున నడిచేవాళ్ళం. రెల్లు పూలు తెల్లగా ఊగుతుండేవి. ప్రతిదీ వింతే మాకు. ఒక ఆదివారం ఉల్లిపాయల మార్కెట్టు చూడాలని రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. కొండల్లా పోసిన ఉల్లిపాయల మధ్య మ్యూజియంలో తిరిగినట్టు తిరిగాం. ఒక షావుకారు, "ఎన్ని బస్తాలు కావాలండీ?" అన్నారు. "ఏమీ వద్దండి, చూడ్డానికొచ్చాం," అన్నాను. ఆయన కుర్చీ వేయించారు. ఉల్లిపాయల్ని చూడ్డానికొచ్చినవాళ్ళకి కూడా కుర్చీ వేసే దేశం ఇది.

ఆ మర్యాదే మమ్మల్ని ముంచింది. అక్కడ ఆటో నడిపే ఆయన కూడా మనల్ని దింపి, "ఉంటానండి" అని సెలవు తీసుకుంటాడు. దాంతో మాకు ఒక నమ్మకం కుదిరింది: ఈ ప్రాంతంలో ఎవరు ఎంత ఆదరించినా ఆశ్చర్యపోకూడదు, కారణం అడగకూడదు.

కార్తీకం వచ్చాక ఒక పొద్దున్న పిన్నిగారు, "కొల్లేరు చూడలేదు కదమ్మా మీరు. పక్షులు దిగేశాయంటున్నారు. వెళ్ళి రండి," అన్నారు.

"దారెట్లా పిన్నిగారూ?"

"కైకలూరు రోడ్డు పట్టుకుని తిన్నగా వెళ్ళిపోవడమేనమ్మా. నీళ్ళు కనిపిస్తాయి. అదే."

కదిరిలో అయితే ఇంతకన్నా స్పష్టమైన గుర్తు ఉండదు. కానీ కొల్లేరు చుట్టుపక్కల ఎటు చూసినా నీళ్ళే ఉంటాయని, వాటిలో ముప్పాతిక భాగం చేపల చెరువులని, వాటికి యజమానులు ఉంటారని మాకు ఎవరు చెప్పాలి?

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరాం. పల్చటి మంచు. ఈనుతున్న వరి చేల నుంచి పాలవాసన లాంటిది వస్తోంది. కొంత దూరం వెళ్ళేసరికి కుడివైపు నీళ్ళు కనిపించాయి. అవతలి గట్టు మంచులో కలిసిపోయింది. ఒక అంచున వరసగా కొంగలు. వాటి మధ్య సంచుల్లాంటి ముక్కులతో గూడబాతులు.

"ఇదేనంటావా?" అన్నాడు రాఘవ.

"నీళ్ళుండాయి, పక్షులుండాయి. ఇంకేం కావాలప్పా?" అన్నాను.

స్కూటర్ గట్టు మీదికి దింపాం. అక్కడ ఒక రేకుల షెడ్డు. అందులోంచి తెల్ల లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలుతో యాభై ఏళ్ళ మనిషి ఎదురొచ్చారు.

"ఏలూరు నుంచే కదండీ?"

"ఆయ్," అన్నాను. అవును అనడానికి అక్కడివాళ్ళు వాడే ఆ మాట నేర్చుకుని అప్పటికి వారమయింది. ఎక్కడైనా వాడదామని తహతహలాడుతున్నాను.

"పొద్దున్నుంచి మీకోసమే చూస్తన్నామండి. ఆడవాళ్ళు కూడా వస్తారనుకోలేదు. సంతోషమండి. నా పేరు సత్యం."

ఆయన బొండాలు తెప్పించడానికి లోపలికి వెళ్ళగానే రాఘవ నా చెవిలో, "మనం వస్తామని ఈయనకెవరు చెప్పినారు?" అన్నాడు.

"పిన్నిగారు ఫోన్ చేసుంటారు. ఈ పక్కన మర్యాదలు అట్లే ఉంటాయి," అన్నాను.

చూశారా, ఆ క్షణంలో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు. అన్నీ అడిగాను, అదొక్కటి తప్ప.

బొండాలు తాగాక సత్యంగారు మమ్మల్ని పడవ ఎక్కించారు. ఒక మనిషి గెడ వేస్తుంటే మెల్లగా సాగుతోంది. నేను చెయ్యి నీళ్ళవైపు చాపి, పక్షుల గుంపును చూపిస్తున్నాననుకుంటూ, "ఎప్పుడొచ్చాయండీ ఇవి?" అన్నాను.

"నిరుడు ఈ రోజుల్లోనే వేశామండి."

వేయడమేమిటో అర్థం కాలేదు. యాస కాబోలనుకున్నాను. "చాలా దూరం నుంచి వస్తాయంట కదా?"

"ఆయ్. బెంగాల్ నుంచి తెప్పించేవాళ్ళున్నారండి. పిల్లలుగా ఉన్నప్పుడే లారీల్లో దింపుతారు. మావి మాత్రం ఇక్కడివేనండి."

పక్షుల్ని లారీల్లో తెప్పిస్తారని నేనెక్కడా చదవలేదు. అయినా పుస్తకాల్లో అన్నీ ఎక్కడ రాస్తారులే అని సర్దుకున్నాను.

"మరి వీటికి మేత?"

"రోజూ తవుడేనండి. బస్తాలకి బస్తాలు లాగించేస్తాయి."

"మీరే పెడతారా? మీ సొంత డబ్బుతో?"

"మరెవరు పెడతారండీ?"

నా కళ్ళు చెమర్చాయి. ఎక్కడి నుంచో వచ్చిన పక్షులకి సొంత డబ్బుతో తిండిపెడుతున్న మహానుభావుడు, కాళ్ళకి బురదతో నా ఎదుట కూర్చున్నారు.

"మీలాంటివాళ్ళు ఉండబట్టే ఇవి ఇంకా బతుకుతున్నాయండి," అన్నాను.

సత్యంగారు కొంచెం తికమకపడ్డారు. అయినా మర్యాద తప్పకుండా, "ఏదో మీ దయండి," అన్నారు.

పడవ దిగాక ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మీ పెద్దాయనతో మాటలన్నీ అయిపోయాయండి. మావాళ్ళొచ్చి చూసి సరేనంటే చాలన్నారు. చూసుకున్నారు కదా. వల దించమంటారా?"

పెద్దాయనంటే పిన్నిగారి భర్త అనుకున్నాం. ఆయన మాకోసం ఇంత ఏర్పాటు చేశారా అని గుండె నిండిపోయింది. వల విసిరి ఓ నాలుగు చేపలు పట్టి చూపిస్తారు కాబోలు, వచ్చినవాళ్ళ సరదా కోసం.

"దించండి. చూద్దాం," అన్నాను.

రాఘవ ఫోన్ కెమెరా తెరుస్తూ, "పెద్ద వలే దించండి సార్. వీడియోలో బాగుంటుంది," అన్నాడు.

"ఆయ్, పెద్దాయనకి పంపుకోవాలి కదండీ," అన్నారు సత్యంగారు. గట్టు అవతలికి కేక వేశారు.

అంత పెద్ద వల ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. షెడ్డు వెనక నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. ఛాతీ లోతు నీళ్ళలో దిగి, చెరువుకి అటో సగం ఇటో సగం పంచుకుని లాగడం మొదలుపెట్టారు. వల దగ్గరపడేకొద్దీ నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. ఒక చేప ఎగిరింది. తర్వాత పది. తర్వాత ఎక్కడ చూసినా చేపలే, ఎండలో వెండి పళ్ళేలు విసిరినట్టు. బొచ్చెలట, శీలావతులట. శీలావతి అని చేపకి పేరు పెట్టిన మనిషి ఎవరో అని కాసేపు ఆలోచించి, ఇక ఉండబట్టలేక చున్నీ నడుముకి బిగించి నేనూ తాడు పట్టుకున్నాను. "జాగ్రత్తండి మేడం," అంటూనే పక్కవాళ్ళు నాకు చోటిచ్చారు. ఒక శీలావతి ఎగిరి రాఘవ చెంప మీద కొట్టింది. పేరుకి తగ్గట్టే ఉందని మెచ్చుకున్నాను.

అప్పటికే కొన్ని చేపల్ని బుట్టల్లోకి ఎత్తి గట్టు మీదికి చేరవేస్తున్నారు. ఈ సందట్లో గూడబాతులు దగ్గరికి వచ్చాయి. ఒకాయన ఖాళీ డబ్బా వాయిస్తూ వాటిని తోలబోయాడు. నాకు ప్రాణం ఒప్పలేదు.

"పాపం, తోలకండి. వాటికోసమే కదా ఇదంతా," అన్నాను.

సత్యంగారు నావైపు తిరిగారు. "వేటికోసమండీ?"

"పక్షుల కోసం. మీరే కదా మేత పెట్టి పెంచుతున్నది?"

డబ్బా వాయించే ఆయన ఆగిపోయాడు. తాడు లాగేవాళ్ళు ఆగిపోయారు. చేపలు మాత్రం ఆగలేదు.

"మేడం," అన్నారు సత్యంగారు, చాలా మెల్లగా, "మీరు చేపలు కొనే పార్టీ తాలూకు కాదాండీ?"

"కాదండి. కొల్లేరు చూడ్డానికొచ్చాం."

"ఇది కొల్లేరు కాదండి. నా చెరువండి."

నేను రాఘవని చూశాను. వాడు వీడియో తీస్తూనే ఉన్నాడు. ఆ వీడియోలో ఆ తర్వాత కనిపించేదంతా వాడి చెప్పులే.

సత్యంగారు గట్టు మీద కూలబడ్డారు. అప్పుడు తెలిసింది నేను చేసిన పనేమిటో. కొనే పార్టీ మనుషులు చూసి సరేనంటే, వల ఒడ్డుకి చేరాక ఆయన ఫోన్ చేయాలి, అదింకా చేయలేదు. అప్పుడు వాళ్ళు ఐసూ లారీ పంపాలి. ఇక్కడ ఐసు లేదు, లారీ లేదు, పార్టీ లేదు. పైన ఎండ ఎక్కుతోంది. ఎత్తిన చేప మధ్యాహ్నం దాకా నిలవదు. వలలో కిక్కిరిసిన చేపా ఎంతోసేపు ఓర్చుకోదు. ఏడాదిపాటు సాకిన చెరువు.

మా ఊళ్ళో అయితే ఆ పాటికి నాలుగు తిట్లు పడేవి, మనసు తేలికయ్యేది. సత్యంగారు మాత్రం, "పర్లేదండి. మీకు తెలీదు కదండీ," అన్నారు. అంతకన్నా పెద్ద శిక్ష ఆ జిల్లాలో ఉండదు. ఏడుపొచ్చేసింది.

"ఐసు ఎక్కడ దొరుకుతుంది సార్?" అన్నాడు రాఘవ.

దారి చెప్పించుకుని స్కూటర్ మీద దూకాడు. సత్యంగారు పార్టీకి ఫోన్ చేశారు. వాళ్ళు రావడం మర్నాటికి మార్చుకుని, ఆ మాట ఈయనకి చెప్పడమే మరిచిపోయారట. "పట్టేశామండి. ఎలా పట్టామంటే, అది తర్వాత చెప్తానండి. ముందు బండి పంపండి," అని ఆయన బతిమాలుతుంటే నేలలోకి కుంగిపోయాను. చివరికి పంపుతామన్నారు.

వల కాస్త వదులు చేసి, చేపలకి చోటు దొరికేలా నీళ్ళలోనే ఆపారు. దాని అంచు పట్టుకోవడానికి మనుషులు చాలలేదు. నేను దిగాను. నడుములోతు నీళ్ళలో, రెండు చేతులా వల ఎత్తి పట్టుకుని, కాళ్ళకి తగులుతున్నవేమిటో అడగకుండా నిలబడ్డాను. జీవితంలో ఏదీ అడగకుండా అంతసేపు ఉన్నది అప్పుడే. రాఘవ ఐసు దిమ్మలు గోనెసంచుల్లో చుట్టి స్కూటర్ మీద మోసుకొచ్చాడు. సగం దారిలోనే కరిగి, వాడి వీపు మీదుగా చొక్కాలోకి దిగిపోయింది. మిగిలిన సగమే బుట్టల్ని కాపాడింది.

మధ్యాహ్నం దాటాక లారీ వచ్చింది. చేపలన్నీ ఎక్కాయి. వచ్చిన మేస్త్రీ బురదలో ఉన్న నన్ను చూసి, "కొత్తగా పన్లో చేరారాండీ?" అని అడిగాడు. ఆయ్ అనలేదు. నాలుక కరుచుకున్నాను.

బయల్దేరబోతుంటే సత్యంగారు ఒక సంచి తెచ్చి స్కూటర్‌కి తగిలించారు. రెండు పెద్ద బొచ్చెలు. "మా చెరువుకాడికొచ్చి ఉత్తచేతుల్తో వెళ్తే బాగోదండి."

మేం చేపలు తినేవాళ్ళం కాదని చెప్పాలి. అంత చేశాక ఇంకే మొహం పెట్టుకుని చెప్పను? ఊరికే దండం పెట్టాను. దారిపొడవునా సంచి నా మోకాలిని తన్నుతూనే ఉంది.

పిన్నిగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. సంచిలోకి చూసి ఆవిడ మొహం విప్పారింది. "ఇంత తాజావి ఎక్కడ దొరికాయమ్మా? కొల్లేరు చూశారా మరి?"

"బాగా చూశాం పిన్నిగారూ," అన్నాను.

"దిగి చూశాం," అన్నాడు రాఘవ.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ మోగింది. సత్యంగారు. వీడియో పంపమని నా నంబరు తీసుకున్నారు ఆయన. తిట్టడానికి ఇన్నాళ్ళు పట్టిందేమోనని గొంతు సవరించుకున్నాను.

"మేడం, మనం పట్టిన మర్నాడే రేటు పడిపోయిందండి. పక్క చెరువులవాళ్ళందరూ తల పట్టుకున్నారు. ఆ పార్టీ వాళ్ళ మాట మీద మర్నాటిదాకా ఆగుంటే నేనూ మునిగిపోయేవాణ్ణండి."

"అవునాండీ," అన్నాను, ఊపిరి పీల్చుకుంటూ.

"మీ నోటి మాట మంచిదండి. నెలాఖరున మా తమ్ముడి చెరువు పడతన్నాం. మీరొచ్చి ఒక్కసారి వల దించండి అనాలండి. మా ఆవిడ మీకు చీర కూడా తీసి ఉంచింది."

కాబట్టి పాఠకులారా, ఉదయభానుడి సాక్షిగా, కార్తీక మాసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తెలియని నీటి ఒడ్డున, తెలియని మనిషి ఎదుట, తెలియని పనికి ఈ నోటితో ఇక ఎన్నడూ సరే అనను. గట్టుమీది వల జోలికి పోను. ఎవరి బొండమూ కారణం అడగకుండా తాగను.

ఈ ప్రమాణం సత్యంగారి తమ్ముడి చెరువు పట్టిన మర్నాటి నుంచి అమల్లోకి వస్తుంది.