పెద్దసారు బరాత్

ఇప్పుడంటే ఎవడి ఫోన్లో వాడు ముసిముసిగా నవ్వుకుంటున్నాడు గానీ, నేను బూర ఊదడం నేర్చుకున్న కాలంలో మా బొగ్గుగనుల కాలనీలో నవ్వుకు కూడా హోదా ఉండేది. ఆఫీసర్ల క్లబ్బులో ఎవరైనా జోకు చెబితే ముందు జనరల్ మేనేజరు నవ్వాలి. ఆయన నవ్వారని ఖాయం చేసుకున్నాక ఆయన కిందాయన, ఆ తర్వాత కిందాయన కిందాయన. అలా మెట్టు మెట్టు దిగి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా వచ్చేసరికి జోకు చల్లారిపోయి ఉండేది. చప్పట్లకూ అదే పద్ధతి, ప్లేటు పట్టుకోవడానికీ అదే పద్ధతి. (తుమ్ముకు మాత్రం మినహాయింపు ఇచ్చారని విన్నాను, చూడలేదు.) అలాంటి క్లబ్బులో, అదీ క్రిస్మస్ పార్టీలో, నేను బూర ఊదానంటే ఇప్పటికీ మా ఆవిడ నమ్మదు. ఏం జరిగిందో చెబితే మాత్రం వెంటనే నమ్ముతుంది. నా మీద ఆమెకున్న అభిప్రాయం అలాంటిది.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. (బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు చెప్పుకునేవారు. ఆయనది ఆయన లెక్క.) మానేసి మా మేనమామ పెళ్లిళ్ల బ్యాండులో చేరాను. మంచిర్యాల చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా బరాత్ ముందు, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు ముందు, మా ఎర్రకోట్లే నడిచేవి. మామది క్లారినెట్, నాది బూర. బాపు గనిలో బొగ్గు నింపేవాడు. ఇరవై ఏళ్లుగా భూమి కింద చెమటోడుస్తున్న మనిషికి, కొడుకు భూమి మీద నిలబడి బుగ్గలు ఉబ్బించడం ఒక పనిలా కనిపించలేదు. టిప్పర్ల కాంట్రాక్టరుతో మాట్లాడి వచ్చి, కొత్త సంవత్సరం నుంచి నేను క్లీనరునని ప్రకటించాడు. నేను నిరసనగా అన్నం మానేశాను, మధ్యాహ్నం దాకా.

సరిగ్గా ఆ వారంలోనే క్లబ్బు సెక్రటరీ సారు జీపు మామ ఇంటి ముందు ఆగింది. క్రిస్మస్ పార్టీకి కరీంనగర్ నుంచి రావాల్సిన ఆర్కెస్ట్రా వాళ్లు చివరి నిమిషంలో రామన్నారట. కొత్త జనరల్ మేనేజరు వచ్చి నెల కూడా కాలేదు, పాటలు లేని పార్టీ పెడితే తన బదిలీ ఏ అడవికో అని ఆయన బెంగ. మా వాళ్లలో ఆయనకు నచ్చింది వాయిద్యం కాదు, ఎర్రకోట్లు. పండగకు సరిపోతాయన్నారు. ఈ సంగతి తెలిసి బాపు కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"సార్ల ముంగట వాయించి మంచిగనిపించుకున్నవనుకో, బూర నీది. ఇగ నేను నోరెత్త. లేకుంటే మాత్రం ఒకటో తారీఖు సంది టిప్పర్ మీదనే."

మా బతుక్కి క్రిస్మస్ పాట ఒక్కటీ రాదు. వాచ్‌మన్ భార్య చర్చిలో పాడుతుందని తెలిసి ఆమె దగ్గరికి పోయాం. ఆమె ఒక పాట నేర్పి, అమ్మ ఉయ్యాల ఊపినట్టు మెల్లగా పోవాలని బతిమాలింది. మా డ్రమ్ముల వాళ్ల చేతులకు తెలిసింది ఒకటే వేగం, పెళ్లికొడుకు ముందు కుర్రాళ్లు రుమాలు నోట్లో పెట్టుకుని ఎగిరే వేగం. రెండు రోజులు సాధన చేశాక ఆమె చెవులు మూసుకుని, దేవుడు దయగలవాడని మాత్రం అంది. ఇంకో చిక్కు ఉంది. మేం నిలబడి వాయించలేం. మా తాళమంతా కాళ్లలో ఉండేది. అడుగు పడితేనే దెబ్బ పడేది, అడుగు ఆగితే పాట కూడా ఆగేది.

పార్టీ సాయంత్రం సెక్రటరీ సారు మమ్మల్ని ఓ మూలకు పిలిచి ఆజ్ఞలు జారీ చేశారు. పెద్దసారు, అంటే కొత్త జనరల్ మేనేజరు, కేక్ కోయడానికి కుర్చీలోంచి లేస్తారు, లేవగానే మొదలుపెట్టాలి, మళ్లీ కూర్చునేదాకా ఆపకూడదు. సెక్రటరీ సారు అటు పోగానే మామ మాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"పరేషాన్ గాకుర్రి. గా పెద్దసారే మన పెండ్లికొడుకు అనుకోర్రి. ఆయన లేస్తే లేద్దాం, నడిస్తే ముంగట నడుద్దాం. రోజు చేసే పనే గద."

అంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. మేం అందరం పెద్దసారు మోకాళ్ల మీదే కళ్లు పెట్టి నిలబడ్డాం. సెక్రటరీ సారు మైకులో స్వాగతం చెబుతున్నారు, ఆ స్వాగతం అప్పటికే ఇంటర్వెల్ పెట్టాల్సినంత పొడవైంది. అంతలో పెద్దసారు లేచారు. కేక్ వైపు కాదు, పక్కవాళ్లకు ఇబ్బంది కలగకుండా వంగి, మెల్లగా పక్క తలుపు వైపు. ఆయన ఎక్కడికి పోతున్నారో తెలివున్న వాడెవడైనా ఊహిస్తాడు. మా దగ్గర ఉన్నది తెలివి కాదు, ఆజ్ఞ. మామ క్లారినెట్ ఎత్తాడు, డ్రమ్ము మోగింది, నేను గుండెల నిండా గాలి పీల్చి బూర ఊదాను. టిప్పర్ కళ్ల ముందు కనబడుతుంటే ఊపిరి ఎంత బాగా వస్తుందో ఆ రోజే తెలిసింది.

మేం పరుగున పోయి పెద్దసారు ముందు వరసగా నిలిచాం. ఆయన ఉలిక్కిపడి, వద్దు వద్దన్నట్టు చేయి ఊపారు. పెళ్లికొడుకులందరూ మొదట అలాగే సిగ్గుపడతారు కాబట్టి మేం వేగం పెంచాం. పెద్దసారు లేచి నడుస్తుంటే కుర్చీలో కూర్చుని ఉండే ధైర్యం ఏ ఆఫీసరుకు ఉంటుంది? ముందు అదనపు జనరల్ మేనేజరు లేచారు, ఆ వెనక మేనేజర్లు, ఆ వెనక ఇంజనీర్లు. ఎవరూ వరస తప్పలేదు. అందరికన్నా చివర క్రిస్మస్ తాత, దూదిగడ్డం జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అలవాటుగా చాక్లెట్లు పంచుతూ వచ్చాడు. (ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు, తాతే అయినా సీనియారిటీ లేదు.) తలుపు దాటి, షటిల్ కోర్టు దాటి, పూలకుండీల మధ్య నుంచి బరాత్ సాగి సాగి బాత్రూం ముందు ఆగింది. పెద్దసారు లోపలికి పోయి గడియ వేసుకున్నారు. మా లెక్క ప్రకారం ఆయన ఇంకా కుర్చీలో కూర్చోలేదు. అందుకని ఆ గడప ముందే గుండ్రంగా తిరుగుతూ వాయించాం. ఆఫీసర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆయన తడిచేతులతో బయటికి వచ్చేసరికి ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. కంగారులో సెక్రటరీ సారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. పెద్దసారు మా అందరినీ ఒకసారి చూసి, ఇక తప్పదని రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, మా వెనకే నడిచివచ్చి కుర్చీలో కూర్చున్నారు. మేం ఠక్కున ఆపాం. ఆయన నవ్వలేదు, కాబట్టి ఎవరూ నవ్వలేదు. కేక్ మాత్రం మా పాట లేకుండానే కోశారు, ఎందుకంటే ఆ సమయానికి సెక్రటరీ సారు మా డ్రమ్ముల పుల్లలన్నీ తన చంకలో పెట్టుకుని నిలబడ్డారు. పార్టీ అయ్యాక మళ్లీ ఈ గేటు తొక్కితే బాగుండదని మామకు చెప్పి పంపారు.

మర్నాటికి కథ గని అడుగుకు కూడా దిగింది. తోటివాళ్లు బాపును 'పెద్దసారుకు పిల్లనిచ్చిన మామ' అని పిలిచి షిఫ్టంతా ఏడిపించారట. బాపు ఇంటికి వచ్చేసరికి నేను బూర తుడిచి, గుడ్డలో చుట్టి, మామకు వాపసు ఇవ్వడానికి సిద్ధంగా పెట్టాను. బాపు కాళ్లు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"మా మేనేజర్ సారు గూడ నడిసిండా?" అన్నాడు.

"నడిసిండు బాపు."

"గా ఇంజనీరు? మొన్న నన్ను అందరి ముంగట తిట్టినాయన?"

"ఆయన గూడ."

"మీ ఎనకనేనా?"

"మా ఎనకనే. చేతులు కట్టుకొని."

బాపు ఇంకో ఇద్దరి సంగతి అడిగాడు. వాళ్లూ నడిచారని చెప్పాను. మేనేజర్ సారు గురించి మళ్లీ మొదటినుంచి అడిగాడు. తర్వాత గుడ్డ విప్పి, బూరను ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, గోడకున్న మేకుకు తగిలించాడు. వంటింటి వైపు తిరిగి, "పోరనికి అన్నం ఎయ్యి," అన్నాడు అవ్వతో, అంటే మా అమ్మతో. టిప్పర్ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని నేను మూతి ముడుచుకున్నాను. నేను ఎట్లా వాయించానో బాపు ఒక్క మాటైనా అడగలేదని. అంత ప్రాణం పెట్టి ఊదితే, ఎవరెవరు నడిచారన్నదే ఆయనకు ముఖ్యమైందని. ఆ మూతిముడుపు చాలా ఏళ్లే ఉండింది. ఇప్పుడు నాకు బాపు అంత వయసు వచ్చింది, వేల బరాత్‌ల ముందు నడిచాను, పాట బాగుందని అన్నవాళ్లూ కొందరున్నారు. వాళ్లెవరూ గుర్తులేరు. మేనేజర్ సారు నడిచాడా అని బాపు రెండోసారి అడగడమే గుర్తుంది, అప్పుడు ఆయన గొంతులో ఉన్న సంబరాన్ని గుర్తుపట్టలేకపోయిన ఆ బూర పిల్లగాడిని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి చెవి పాటకు తప్ప దేనికీ పనికొచ్చేది కాదు, పాటకు కూడా అంతంతమాత్రమే.