నేను ఏకిన దూది

నరసరావుపేటలో సగం పరుపుల్లో ఉన్నది మా నాయన ఏకిన దూదే. మా ఇంట్లో మాత్రం చాపలు. అమ్మ దెప్పితే, "అమ్ముకునేది మనమే పరుచుకుంటే ఎట్టాగే?" అనేవాడు.

యుద్ధం రోజులు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. దూదేకే విల్లు భుజాన వేసుకుని గురజాల దాకా ఊళ్లు తిరిగిన మనిషి, వీధి చివర మసీదుకు పోవడానికి మూడు అరుగుల మీద ఆగి కూర్చునేవాడు. ఆ వానాకాలం ఆయన కాళ్లు ఉబ్బాయి. ఒళ్లు చేశాడని అమ్మ మురిసింది. నేనూ మురిశాను. మా తెలివి అంతమాత్రం.

ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ని వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడవమన్నాడు. నాయన సగంలోనే స్తంభం పట్టుకున్నాడు. పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి, గొట్టం పెట్టి గుండె విన్నాడు.

"దగ్గు మనిషికి గుండె చూస్తుండారేందయ్యా?" అంది అమ్మ.

"ఊపిరితిత్తులు చెడిపోయాయమ్మా. వాటిలోకి రక్తం నెట్టీ నెట్టీ గుండె అలిసిపోయింది. ఉప్పు మానిపించండి. పనికి పంపొద్దు. పడుకుంటే ఆయాసం ఎక్కువవుతుంది, వీపు వెనక ఎత్తుగా దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి."

నయమవుతుందా అని అడిగాను. ఆయన నావైపు చూడకుండా చీటీ రాసిచ్చాడు.

దూదేకులవాళ్ల ఇంట్లో కొట్టులో కొన్న దిండేమిటని అమ్మ ఒప్పుకోలేదు. విల్లు నేనే అందుకున్నాను. మాలో ఆడవాళ్లు దూది విడదీస్తారు, దిండ్లు కుడతారు, విల్లు మాత్రం పట్టరు. పంచలో కూర్చుంటే నలుగురూ చూస్తారని, ఉన్న ఒక్క గదికి తలుపు వేసుకుని మొదలుపెట్టాను. నాయన గోడకు ఆనుకుని, నారి చప్పుడు వింటూ దిద్దేవాడు.

"బిగువు ఎక్కువైందే. కాస్త సడలించు."

మూడు రోజులు ఏకాను. గది నిండా దూది నూగు. ఆయన గడ్డం మీద, కనుబొమ్మల మీద తెల్లగా పడితే ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన దగ్గుతూనే ఉన్నాడు. ఏళ్ల తరబడి దగ్గే మనిషే కదా అనుకున్నాం. ఆ నూగే ఆయన్ని తినేసిందని మాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదన్న మాట పట్టుకునే ఇన్నేళ్లు బతికాను. పనికి పంపొద్దని డాక్టరు అంటే, మేము పనినే ఆయన ముక్కు దగ్గరికి తెచ్చాం.

గుడ్డకు కంట్రోలు కాబట్టి అమ్మ తన పాత చీర చించి పెద్ద దిండు సంచి కుట్టింది. నాలుగో రోజు పొద్దున్నే ఆ దిండు నాయన వీపు వెనక పెట్టాను. చెయ్యి వెనక్కి పోనిచ్చి, అమ్ముడుపోయే సరుకును చూసినట్టు నింపాదిగా నొక్కి చూశాడు.

"ఎక్కడా ఉండ కట్టలేదే," అన్నాడు, ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటూ. "చానా బాగా ఏకావు."

మధ్యాహ్నానికి ఊపిరి అందలేదు. ఆ దిండు మీదే తల వాల్చేశాడు.

నోరారా ఒకరిని మెచ్చుకోవడం తెలియని మనిషి. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క పనికే.