బుల్లి క్యాబేజీల వేపుడు

క్యాబేజీ వాసన తగిలితే చాలు, కంచం తోసేసి, కేకలేస్తూ లేచిపోయే మనిషి సత్తిరాజు. కేన్సర్ మందులు మొదలయ్యాక ఆయనకి రుచీ వాసనా పోయాయి, వాటితో కేకలూ పోయాయి. మూడు నెలలుగా ఏది పెట్టినా తలవంచుకుని రెండు ముద్దలు మింగుతున్నాడు. భార్య లక్ష్మీతులసికి ఆ నెమ్మదే భయం. రాజమండ్రి నుంచి బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ తెప్పించింది. ఉసిరికాయలంత క్యాబేజీలవి. ఆ కంపుకైనా అరుస్తాడన్న ఆశతో, ఇల్లంతా వాసన పట్టేదాకా ఉడికించి, వెల్లుల్లికారంతో వేయించింది. ఆయన ఒకటి నమిలాడు. ఆమె ఆయన మొహంలోకే చూసింది. రెండోది తిన్నాడు. మూడోదీ తిన్నాడు.

"అదేం కూరో తెలిసిందాండీ?"

"లేత వంకాయేగా. బాగుంది లక్ష్మీ."

"ఒక్కసారి తిట్టండీ!" ఆమె ఆయన మోకాళ్లు పట్టుకుని ఏడ్చేసింది.

ఎందుకో అర్థంకాక, ఎడంచేత్తో ఆమె తల నిమురుతూ ఆయన నాలుగోది నోట్లో పెట్టుకున్నాడు.