కుడి నుంచి నడిచిన వేలు

నా చిన్నప్పుడు మా నాయన కోపానికి ఇంట్లో పిల్లి కూడా అలికిడి చేసేది కాదు. అది నిజాం కాలం. జహీరాబాదులో బడి చదువంతా ఉర్దూలోనే ఉండేది. తెలుగు ఇంట్లోనే రావాలని నాయన పట్టుదల. ఆయనకు నౌకరీతో తీరిక లేదు, అమ్మకు అక్షరమ్ముక్క రాదు. నాయన హైదరాబాదు నుంచి తెలుగు బొమ్మల పుస్తకం తెచ్చి, దీన్ని పిల్లకు ఎవరు చదివి వినిపిస్తారని అడిగితే, పక్కింటి అక్క "నేను చెప్త కాకా" అని ముందుకొచ్చింది. నాకప్పుడు ఐదేళ్లు, తనకు పద్నాలుగు.

రోజూ మధ్యాహ్నం జొన్నలు చెరగడం కాగానే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వరుస కింద వేలు జరుపుతూ కథ చెప్పేది. మంచి పట్టులో ఆపి, "తర్వాత ఏమైతదంటవ్?" అని నన్నే అడిగేది. అప్పుడు పేజీ తిప్పడం నా వంతు. ఆ పుస్తకం ముట్టుకోనిదే నాకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు నాయన పెందలాడే ఇంటికొచ్చి గడపలోనే ఆగిపోయాడు. చూపంతా అక్క వేలి మీదే ఉంది. ఆ వేలు కుడి నుంచి ఎడమకు పోతోంది.

"తెలుగు గట్లెవరు చదువుతరు?" అన్నాడు.

అక్క పుస్తకం మూసేసింది. "నాకు సదువు రాదు కాకా. ఎదురింటి సాయబు తాత ఉర్దూ పేపరు సదువుతుంటె సూసిన. ఆయన వేలు గిట్లనే పోతది. పిల్ల ఆశ సూసి ఉండబట్టలేక ఒప్పుకొని, బొమ్మలు సూసి కథ అల్లిన."

ఇక నన్ను అక్క దగ్గరికి రానివ్వరనుకున్నాను. నాయన పుస్తకం లాక్కుని నా ముందు తెరిచాడు. "ఏమున్నదో చెప్పు."

బొమ్మ కనబడగానే కథ దానంతటదే వచ్చేసింది. పేజీ చివర అలవాటుగా ఆగి, ఎవరూ ఎదుట నోరెత్తని మా నాయనను అడిగేశాను: "తర్వాత ఏమైతదంటవ్ నాయనా?"

అక్క కళ్లు మూసుకుంది. నాయన నా పక్కన చతికిలబడ్డాడు.

"ఏమైతది?" అన్నాడు.

నేను పేజీ తిప్పాను.

కథ అయ్యాక నా వేలు పట్టుకుని వరుసకు ఎడమ కొసన పెట్టాడు. మెల్లగా జారుకుంటున్న అక్కను, "ఎటు పోతున్నవ్ బిడ్డా? కూసో. ఇద్దరికీ నేనే చెప్త" అని పిలిచాడు. ఓనమాలు ఇద్దరం ఒకే పలక మీద దిద్దాం. నాకంటే ముందు అక్కకే వచ్చాయి. ఆ ఉక్రోషం నాకు ఇంకా పోలేదు. అక్క సంగతిని నాయన ఏనాడూ గడప దాటనివ్వలేదు.

ఇప్పుడు మా మునిమనవరాలు పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఏదో చదువుతుంటే అందరూ నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లను కసిరి, దాని పక్కన కూర్చుని వింటాను. నీకు మొదట చదువు చెప్పిందెవరని ఎవరడిగినా, మా పక్కింటి అక్క పేరే చెబుతూ వచ్చాను. అప్పటికి తనకు చదువు రాదన్న మాట మాత్రం చెప్పడం ఇదే మొదటిసారి.